కనెక్షన్ పైపును కోసి చూశాం: ఒక ప్లంబింగ్ కంటెయినర్ వర్గీకరణ కేసు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక హోల్‌సేల్ ప్లంబింగ్ దుకాణం ఉంది. తండ్రీకొడుకులు నడుపుతారు. తండ్రి ముప్పై ఏళ్లుగా ఎల్బోలూ టీలూ అమ్ముతున్న మనిషి. ఇత్తడి ముక్కను అరచేతిలో వేసుకుని బరువు చెప్పగలడు. చైనా నుంచి నేరుగా సరుకు తెప్పించాలన్న ఆలోచన కొడుకుది. మూడు కంటెయినర్లు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాయి. నాలుగోది చెన్నైలో ఆగింది.

పెద్దాయన కస్టమ్స్ పనులు చూసే నాకు ఫోను చేసి, "నాయనా, మనం తెప్పించింది పైపు సామానే కదా, బంగారం కాదుగా, ఎందుకు ఆపారు?" అన్నారు. కాగితాలు పంపమన్నాను. చూడగానే విషయం సగం అర్థమైంది. ఇన్వాయిస్‌లో 19 లైన్లు ఉన్నాయి. వాటిలో పదకొండింటికి సరుకు పేరు ఒకటే: 'శానిటరీ ఫిట్టింగ్స్'. కోడ్‌లు, అంటే టారిఫ్ అనే పన్నుల పట్టికలో సరుకు ఎక్కడికి వస్తుందో చెప్పే అంకెలు, అమ్మినవాడు వేసినవి. అంతకుముందు పని చూసిన ఏజెంటు వాటిని ఉన్నవి ఉన్నట్టే బిల్ ఆఫ్ ఎంట్రీలోకి, అంటే దిగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చే పత్రంలోకి ఎక్కించాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 2011 నుంచి దిగుమతి పన్నును మొదట లెక్క కట్టవలసింది దిగుమతిదారే. కస్టమ్స్ చట్టం 17వ సెక్షన్ ఆ బాధ్యతను అతని మీద పెట్టింది. అమ్మినవాడి కోడ్ అతని దేశపు ఎగుమతి లెక్కల కోసం. మొదటి ఆరంకెలు ప్రపంచమంతటా ఒకటే కాబట్టి చూడటానికి నమ్మకంగా ఉంటుంది గానీ, వాటిని ఎంచుకున్నవాడు టారిఫ్‌లోని సెక్షన్ నోట్లు, అంటే ఏ భాగంలోకి ఏది వస్తుందో ఏది రాదో చెప్పే నియమాలు, చూసి ఉండాలని లేదు. తప్పయితే జవాబు చెప్పుకోవలసింది మన వ్యాపారే.

సరుకు ఆపి వివరణ అడుగుతూ కస్టమ్స్ పంపిన క్వెరీ ఎక్కడి అధికారి పంపాడో మాకు తెలియదు. ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ పద్ధతి అదే. 2020 జూన్‌లో చెన్నై, బెంగళూరులలో ముందుగా మొదలైంది. అదీ ముఖ్యంగా టారిఫ్‌లో యంత్రాలు, విద్యుత్ పరికరాలు ఉండే 84, 85 అధ్యాయాల సరుకుతోనే. వాల్వులు ఉండేది 84లో. సరుకు ఒక ఊళ్లో, అధికారి ఇంకో ఊళ్లో. ముఖాముఖి కూర్చుని వస్తువు చేతికిచ్చి, 'ఇదిగో సార్, ఇది తిరగదు, ఇది తిరుగుతుంది' అని చూపించే అవకాశం లేదు. చెప్పదలచుకున్నదంతా కాగితం మీద, ఫొటోలలో చెప్పాలి. నాలాంటి పాతకాలపువాళ్లకు ఇది మొదట్లో చేయి విరిగినట్టే అనిపించింది. తరవాత తెలిసింది, రాతలో పెట్టిన వాదన తరవాత అప్పీలులోనూ పనికొస్తుందని.

క్వెరీలో ప్రశ్నలు నాలుగు. ప్లాస్టిక్ బాల్ వాల్వులను 3917 40 కింద ఎందుకు చూపారు? ఇత్తడి ఎల్బోలు, టీలు, నిపుల్స్‌ను వాల్వుల విడిభాగాలుగా 8481 90 కింద ఎందుకు తీసుకోకూడదు? స్టీలు అల్లిక కనెక్షన్ పైపులను 8307లో పెట్టడానికి ఆధారం ఏమిటి? యాంగిల్ వాల్వ్ సెట్టు ఏమిటి, అందులో ఏమేం ఉన్నాయి?

ఆ రాత్రే నమూనా పెట్టె ఒకటి దుకాణం నుంచి తెప్పించుకున్నాను. పాత కంటెయినర్ల సరుకు ఇంకా అరల్లో ఉంది, అది మా అదృష్టం.

మొదటి ప్రశ్నకు వాదించే పని లేదు. అధికారి చెప్పిందే సరి. ఆ బాల్ వాల్వులు రొయ్యల చెరువుల కోసం తెప్పించినవి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రైతులకు లోహపు వాల్వు అమ్మితే మరుసటి ఏడాది తిరిగి తెచ్చి బల్ల మీద పడేస్తారు. ఉప్పునీరు తినేస్తుంది. కాబట్టి ఒళ్లంతా ప్లాస్టిక్కే. దుకాణంలో దానిని 'పీవీసీ ఫిట్టింగ్' అంటారు, ఇన్వాయిస్‌లోనూ అలాగే రాశారు, కోడ్ కూడా ప్లాస్టిక్ ఫిట్టింగులదే పడింది. 3917 అంటే ప్లాస్టిక్ పైపులు, గొట్టాలు, వాటి ఫిట్టింగులు. కానీ పిడి తిప్పితే నీరు ఆగుతుంది, మళ్లీ తిప్పితే వస్తుంది. ఆ పని చేసే వస్తువు పైపుకు తగిలించే కుళాయి, కాక్, వాల్వు, అది 8481. ఏ పదార్థంతో చేశారన్నది ఇక్కడ అడ్డు కాదు. టారిఫ్ 16వ సెక్షన్ (84, 85 అధ్యాయాలు ఉన్న భాగం) వస్తువులను తన పరిధి నుంచి తప్పిస్తున్నట్టు 39వ అధ్యాయపు నోటే చెబుతోంది. వెంటనే ఒప్పుకుంటూ రాశాను. ఒప్పుకోవలసింది మొదటి పేరాలోనే ఒప్పుకుంటే, తరవాతి పేరాలలో కాదన్నదానికి బరువు వస్తుంది.

అదే లైనులో కలిసిపోయిన ఫుట్ వాల్వులను విడదీశాను. బోరు మోటారు ఆగినప్పుడు నీరు వెనక్కి జారకుండా ఆపే వాల్వు అది. చేత్తో తిప్పేది కాదు, నీటి ఒత్తిడికి తానే తెరుచుకుని తానే మూసుకుంటుంది. దానికి 8481 30 అని సొంత చోటు ఉంది. మిగిలిన బాల్ వాల్వులు 8481 80.

రెండో ప్రశ్న దగ్గర మాత్రం నేను కదలలేదు.

అధికారి ఆలోచన తెలుస్తూనే ఉంది. ఒకే ఇన్వాయిస్‌లో వాల్వులూ ఉన్నాయి, వాటికి బిగించే నిపుల్స్, ఎల్బోలూ ఉన్నాయి. కాబట్టి ఇవి వాటి భాగాలు. ఇంట్లో గోడలో చూసినా అలాగే కనిపిస్తుంది. కానీ టారిఫ్‌లో 'భాగం' అన్న మాటకు ఒక కంచె ఉంది. 16వ సెక్షన్ నోట్ 1లోని 'జి' ఖండం ప్రకారం 'సర్వసాధారణ వాడకపు భాగాలు' ఆ సెక్షన్‌లోకి రావు. అవి ఏవో మూల లోహాల భాగమైన 15వ సెక్షన్ నోట్ 2 చెబుతుంది: 7307, 7312, 7315, 7317, 7318 వస్తువులు, వేరే మూల లోహాలతో చేసిన అలాంటివే మరికొన్ని. 7307 అంటే ఇనుము, ఉక్కు పైపుల ఫిట్టింగులు. ఇత్తడిలో వాటికి జోడీ 7412. కాబట్టి ఇత్తడి ఎల్బో వాల్వు పక్కన కూర్చున్నా, ఒకే పెట్టెలో వచ్చినా, వాల్వు భాగంగా 84లోకి అడుగు పెట్టలేదు. తలుపు అక్కడే మూసి ఉంది. విడిభాగాల గురించి చెప్పే నోట్ 2 కూడా 'నోట్ 1కి లోబడి' అనే మొదలవుతుంది. చాలామంది నోట్ 2 నుంచి చదవడం మొదలుపెడతారు, చిక్కంతా అక్కడే వస్తుంది.

దీనికి తోడు హెచ్.ఎస్. (ప్రపంచమంతటికీ ఉమ్మడి కోడ్ పద్ధతి) వివరణ నోట్లు. 7307 కింద అవి చెప్పేది ఇది: రెండు పైపుల రంధ్రాలను కలిపేవి, పైపును ఇంకో పరికరానికి కలిపేవి, పైపు మూతిని మూసేవి ఫిట్టింగులు. పైపును గోడకు పట్టి ఉంచే హ్యాంగర్లు, ఆసరాలు కావు. ఎందుకంటే నీరు వాటి లోపలి నుంచి పోదు. ఈ నోట్లకు చట్టంతో సమానమైన బలం లేకపోయినా, వర్గీకరణలో వాటిని నమ్మదగిన దారిగా తీసుకోవాలని 1995లో వుడ్ క్రాఫ్ట్ ప్రొడక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేశాను. క్వెరీ జవాబులో తీర్పుల దండ గుచ్చితే చదివేవాడికి విసుగు.

'మూతిని మూసేవి' అన్న ముక్క దగ్గర పెద్దాయన పట్టుకున్నారు. నేను జవాబు చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపి, "మరి డమ్మీ సంగతి? అదీ నీళ్లు ఆపేదే కదా, వాల్వు అవుతుందా?" అన్నారు. డమ్మీ అంటే పైపు చివర బిగించే ఎండ్ ప్లగ్. మంచి ప్రశ్న. నేను అప్పటివరకూ 'ఆపేది వాల్వు, మళ్లించేది ఎల్బో' అని సులువుగా చెప్పుకుంటూ వచ్చాను, అది చాలదు. డమ్మీ ఆపుతుంది గానీ, ప్రవాహం మీద అదుపు దాని చేతిలో లేదు. తెరవాలంటే పానా పట్టుకుని మొత్తం ఊడదీయాలి. వాల్వుకైతే ఊడదీయకుండా తెరవడం, మూయడం, తగ్గించడం దాని ఒంట్లోనే ఉంటుంది. జవాబులో ఆ వాక్యం చేర్చాను. పెద్దాయనకు అందులో వాటా ఇవ్వాలి.

ఇత్తడి లైన్లలో ఇంకో తంటా బయటపడింది, అది మేము వెతికింది కాదు. అధికారి అడగనూ లేదు. క్రోమ్ పూత ఉన్న ఎక్స్‌టెన్షన్ నిపుల్స్ రెండు రకాలు. ఒక రకాన్ని పెద్దాయన చేతిలో వేసుకుని మొహం చిట్లించారు. ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దారు. ఒకటి పసుపు పచ్చగా మెరిసింది, రెండోది బూడిద రంగు తేలింది. ఇత్తడి కాదు, జింకు పోత. ఇన్వాయిస్‌లో రెండూ 'బ్రాస్' అనే ఉన్నాయి. మిశ్రమ లోహంలో బరువు లెక్కన ఏది ఎక్కువో దానిదే పేరు. కాబట్టి ఇవి రాగి అధ్యాయమైన 74 కిందికి రావు, జింకు వస్తువులుగా 7907లోకి వెళ్తాయి. కొడుకు మొహం వాడిపోయింది. పన్ను కోసం కాదు, ఇన్నాళ్లూ ఇత్తడి ధర ఇచ్చి జింకు కొన్నందుకు. చెప్పకుండా ఉంటే ఏమవుతుందని అడిగాడు. ఇప్పుడు తెలిసిపోయింది కాబట్టి ఇకపై అది పొరపాటు కాదు, దాచడం అవుతుందన్నాను. కస్టమ్స్ చట్టం 28వ సెక్షన్ కింద మామూలు పొరపాటుకు రెండేళ్ల వరకే వెనక్కి అడగగలరు. దాచారని తేలితే ఐదేళ్లు, పైన జరిమానా. ఆ లైనును మేమే సరిచేసి రాశాం. పూత ఒకటే అయినా కుళాయిలకు ఈ బెడద లేదు. జింకు కుళాయి అయినా 8481లోనే ఉంటుంది.

ఇక కనెక్షన్ పైపు. ఈ కేసులో నాకు ఎక్కువ నిద్ర చెడగొట్టింది ఇదే.

వాష్ బేసిన్ కిందా గీజరు దగ్గరా ఉండే మెరిసే వెండి రంగు పైపు అది. బయట సన్నటి స్టీలు తీగల అల్లిక, రెండు చివరలా ఇత్తడి నట్లు. ఇన్వాయిస్‌లో 'స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్లెక్సిబుల్ హోస్', కోడ్ 8307 10, అంటే ఇనుము లేదా ఉక్కుతో చేసిన వంగే గొట్టం. మొదట చూసినప్పుడు నేనూ సరే అనుకున్నాను. ఫొటోలో చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆ తొందరకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు దుకాణంలో ఒక పైపును హాక్సా బ్లేడుతో అడ్డంగా కోశాం. అల్లిక లోపల నల్లటి గొట్టం. నీరు పారేది దానిలో. స్టీలు అల్లిక పని నీటిని మోయడం కాదు, ఒత్తిడికి ఆ గొట్టం ఉబ్బి పగలకుండా బిగించి పట్టడం. 8307లోకి వచ్చే గొట్టం తానే లోహం: ముడతలు పెట్టినదో, లోహపు పట్టీని చుట్ట చుట్టినదో. అల్లికను ఒలిచేస్తే ఇక్కడ లోహపు గొట్టమన్నదే మిగలదు.

నల్లటి గొట్టం ఏమిటన్నది తరవాతి ప్రశ్న. గట్టిపరచిన (వల్కనైజ్డ్) రబ్బరు అయితే 4009 అనే నాలుగంకెల హెడింగ్. ఆ హెడింగ్‌లోనే లోహంతో మాత్రమే బలపరచిన గొట్టాలకు 4009 21, 4009 22 అని రెండు చోట్లున్నాయి. ఫిట్టింగులు లేనివి మొదటిదానిలో, ఉన్నవి రెండోదానిలో. ఇత్తడి నట్లు బిగించి వచ్చాయి కాబట్టి 22. గొట్టం పీవీసీ అయితే కథ మారుతుంది, 3917లోకి పోతుంది. బయట ఒకే మెరుపు, లోపలి నలుపును బట్టి మూడు అధ్యాయాల మధ్య ఊగిసలాట.

ఎదురుగా ఉన్న ఎలక్ట్రికల్ షాపు నుంచి రాగి తీగ తెప్పించాం. ఎర్రగా కాల్చి, గొట్టం ముక్కకు అంటించి, ఆ తీగను మళ్లీ మంటలో పెడితే పీవీసీకి మంట ఆకుపచ్చగా వస్తుంది. అందులోని క్లోరిన్ వల్ల. మాకు రాలేదు. ముక్క కరిగి కారలేదు కూడా, మాడి కంపు కొట్టింది. రబ్బరే అన్న నమ్మకం కలిగింది. కానీ దుకాణం బల్ల మీద చేసిన పరీక్ష కస్టమ్స్ ముందు సాక్ష్యం కాదు. 40వ అధ్యాయం నోట్ 4లో కృత్రిమ రబ్బరుకు కొలత రాసి ఉంది: గంధకంతో గట్టిపరచాక, 18 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య, మూడింతల పొడవుకు లాగినా తెగకూడదు; రెండింతలకు లాగి వదిలితే ఐదు నిమిషాల్లో మొదటి పొడవుకు ఒకటిన్నర రెట్లకు మించకుండా వెనక్కి రావాలి. ఇంత కచ్చితమైన మాట టారిఫ్‌లో ఉన్నప్పుడు బజారు పేరుకు విలువ ఉండదు. 1990లో అక్బర్ బద్రుద్దీన్ జీవానీ కేసులో, దిగుమతి చేసిన రాయి మార్బులా కాదా అన్న తగాదాలో, సుప్రీంకోర్టు ఇదే దారిలో నడిచింది. శాస్త్రీయ కొలతతో రాసిన పదాన్ని వ్యాపారుల వాడుకతో మార్చి చదవకూడదంది.

అందుకని మేమే లేబొరేటరీ పరీక్ష కోరాం. ఫలితం వచ్చేదాకా కంటెయినర్ ఆగితే రోజువారీ అద్దెలు సరుకు లాభాన్ని మింగేస్తాయి. కస్టమ్స్ చట్టం 18వ సెక్షన్ కింద తాత్కాలిక అసెస్‌మెంట్ అడిగి, బాండు రాసి, నమూనాలు తీయించి, సరుకు విడిపించుకోవచ్చు. కొడుకు దీనికి జంకాడు. బాండు అంటే కేసు ఒప్పుకున్నట్టు అనుకున్నాడు. కాదు, లెక్క తేలాక తేడా ఉంటే కడతామన్న హామీ మాత్రమే. పినాకినిలో చెన్నై వెళ్లి, నమూనాలు తీసేటప్పుడు పక్కనే నిలబడ్డాను. మూడు సైజుల నుంచీ మూడు ముక్కలు తీయమని అడిగాను. ఒకే సైజు పంపితే మిగిలిన రెండింటి మీద మళ్లీ ప్రశ్న వస్తుంది.

నాలుగో ప్రశ్న యాంగిల్ వాల్వ్ సెట్టుది. రంగుల అట్టపెట్టెలో ఒక యాంగిల్ వాల్వు, గోడ రంధ్రాన్ని కప్పే ఫ్లేంజి, ఒక కనెక్షన్ పైపు. విడివిడిగా చూస్తే వేర్వేరు హెడింగులు. టారిఫ్‌ను ఎలా చదవాలో చెప్పే సాధారణ వ్యాఖ్యాన నియమాల్లో 3(బి) దీనికి జవాబు. వేర్వేరు హెడింగులకు చెందిన కనీసం రెండు వస్తువులు ఉండాలి, ఒకే అవసరం కోసం కలిపి పెట్టి ఉండాలి, మళ్లీ పొట్లం కట్టే పని లేకుండా వాడేవాడికి నేరుగా అమ్మేలా ఉండాలి. అప్పుడు మొత్తానికీ అసలు లక్షణం ఇచ్చే వస్తువు కోడే పడుతుంది. ఇక్కడ అది వాల్వు, 8481 80. అధికారి దీన్ని సెట్టుగా ఒప్పుకున్నాడు. అయితే ఇదే వాదనను పెద్ద కార్టన్‌లకూ సాగదీద్దామని కొడుకు ఆశపడ్డాడు. వాటిలో వాల్వులు ఒక సంచిలో, పైపులు ఇంకో సంచిలో విడిగా ఉన్నాయి. దుకాణంలో కలిపి అమ్ముతారన్నది అతని మాట. సరిహద్దు దాటిన రోజున వస్తువు ఏ రూపంలో ఉందన్నదే లెక్క. అవి విడివిడిగానే పడ్డాయి.

మిగిలిన చిల్లర సరుకు గంటలో తేలింది. రబ్బరు వాషర్లు 4016 93. స్టీలు సోప్ డిష్‌లు 7324. టెఫ్లాన్ టేపును అతికే టేపుల హెడింగ్ 3919లో వేసి ఉంచారు, దానికి జిగురెక్కడిది? మరకు చుట్టుకోవడమే తప్ప అది దేనికీ అతుక్కోదు. తీయించేశాం.

జవాబు అప్‌లోడ్ చేసిన తరవాత ఎల్బోల మీద ఇంకొక్కసారి ప్రశ్న వచ్చింది. అదే వాదనను నిపుల్ కోత ఫొటో జోడించి మళ్లీ రాశాను. ఒప్పుకోకపోతే 17(5) కింద కారణాలు చూపే ఉత్తర్వు పదిహేను రోజుల్లో ఇవ్వాలని, దాని మీద అప్పీలుకు వెళ్తామని మర్యాదగా చివర్లో చేర్చాను. ఎల్బోలు 7412 20లోనే నిలిచాయి. పైపు నమూనాల ఫలితం కొన్ని వారాల తరవాత వచ్చింది: మూడు సైజులూ గట్టిపరచిన రబ్బరే. 4009 22తో తుది అసెస్‌మెంట్ అయింది.

రేట్లు నేను ఇక్కడ రాయడం లేదు. ప్రతి బడ్జెట్‌లోనూ మారే అవకాశం ఉంది, మీ బిల్ ఆఫ్ ఎంట్రీ తేదీకి ఉన్నదే మీకు వర్తిస్తుంది. ఈ కేసులో కొన్ని లైన్లలో పన్ను పెరిగింది, కొన్నిటిలో తగ్గింది.

అక్కడే పాత మూడు కంటెయినర్ల సంగతి ముందుకొచ్చింది. పెరిగిన లైన్ల తేడాను నోటీసు రాకముందే వడ్డీతో కట్టేయమన్నాను. 28వ సెక్షన్ దానికి దారి ఇస్తుంది. తగ్గిన లైన్లలో ఎక్కువ కట్టింది వెనక్కి వస్తుందా అని పెద్దాయన అడిగారు. నేరుగా రీఫండ్ అడిగితే రాదు. 2019 సెప్టెంబరులో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: అసెస్‌మెంట్ మారితే తప్ప రీఫండ్ లేదు, సొంతంగా చేసుకున్న అసెస్‌మెంట్ అయినా సరే. కాబట్టి ముందు దానిని మార్పించుకోవాలి: అప్పీలు, లేదా 149వ సెక్షన్ కింద సవరణ. సవరణకు సరుకు విడుదలైన నాటికే ఉన్న పత్రాలు చూపించాలి. మా దగ్గర పాత ఆర్డర్లతో వచ్చిన క్యాటలాగు ఉంది, లోపలి గొట్టం రబ్బరని అందులో రాసి ఉంది. ఒక బిల్లుకు అది సరిపోయింది. మిగిలిన రెండింటికి క్యాటలాగు దొరకలేదు, ఆ డబ్బు మీద ఆశ వదులుకున్నారు. విడుదలైన తరవాత తనంతట తాను సరిచేసుకోవడానికి 2025 ఫైనాన్స్ చట్టం 18ఎ అనే కొత్త సెక్షన్ చేర్చింది. మా కేసు నాటికి అది లేదు.

తరవాతి ఆర్డరు పంపేటప్పుడు ఇన్వాయిస్‌లో ప్రతి లైనుకూ మూడు విషయాలు ఉండాలని కొడుకు చేత రాయించాను: దేనితో చేశారు, ఏ పని చేస్తుంది, ఏ రూపంలో ప్యాక్ చేశారు. అమ్మినవాడు గొణిగాడు గానీ రాసి పంపాడు. షిప్‌మెంట్ బయల్దేరేముందు నమూనాలు విమానంలో ముందుగా తెప్పించుకోవడం కూడా అలవాటు చేశాం.

ఐదో కంటెయినర్ నమూనాలు వచ్చిన రోజు సాయంత్రం పెద్దాయన మళ్లీ ఫోను చేశారు. వెళ్లేసరికి బల్ల మీద కనెక్షన్ పైపు రెండు ముక్కలై ఉంది. అదే పేరు, అదే పెట్టె, అదే ధర. ఇన్వాయిస్‌లో లోపలి గొట్టం రబ్బరనే రాసి ఉంది. పెద్దాయన మాట్లాడకుండా రాగి తీగను స్టవ్ మీద కాల్చి, నల్లటి ముక్కకు అంటించి, మళ్లీ మంటలో పెట్టారు. మంట ఆకుపచ్చగా లేచింది.

ఆ లైనును 3917 39 కింద వేశాం.